గురువారం ముక్కలు

ఓదెలు మొదటిసారి గనిలో చచ్చిపోయాడు. రెండోసారి కాగితం మీద. మొదటి చావుకు స్వరూప ఏడ్చింది. రెండోదానికి ఏడవలేదు, పళ్లు నూరింది.

కాగితం అంటే విచారణ నివేదిక. మూడో నంబరు గనిలో పొగ కమ్మి ఐదుగురు లోపల చిక్కుకుంటే, వాళ్లను తేవడానికి రక్షణ దళం దిగింది. ఓదెలు ఆ దళంలో మనిషి. నలుగుర్ని పైకి తెచ్చారు. ఐదోవాడి కోసం మళ్లీ వెనక్కి వెళ్లింది ఓదెలు ఒక్కడే. ఇద్దరూ తిరిగి రాలేదు. దొరికేసరికి ఓదెలు మొహాన మాస్కు లేదు, పక్కన పడి ఉంది. ఇంకేం కావాలి? రాసి పారేశారు: "పరికరములో లోపము లేదు. మూడు పరీక్షలు నెగ్గినట్లు ముద్రలు ఉన్నవి. ధరించిన వ్యక్తి భయాందోళనకు గురై మాస్కును స్వయముగా తొలగించుకొనెను." కింద నాలుగు సంతకాలు. అందులో ఒకటి విఠల్‌రావుది. రక్షణ దళం వాళ్లు వీపున తగిలించుకునే ఊపిరి పెట్టెలకు ఇత్తడి వాల్వులు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీకి ఆయన జనరల్ మేనేజరు. ఆ ఫ్యాక్టరీలోనే, లోహాలు పరీక్షించే ల్యాబులో స్వరూప పదకొండేళ్లుగా పనిచేస్తోంది. తన మొగుణ్ణి పిరికివాడని సంతకం పెట్టిన మనిషి గది ముందు నుంచే ఆమె రోజూ నడిచి వెళ్లాలి.

గని దగ్గర రక్షణ కేంద్రం గోడకు ఒక నల్లరాతి పలక ఉంటుంది. డ్యూటీలో ప్రాణం పోయినవాళ్ల పేర్లు దానిమీద చెక్కిస్తారు. ఓదెలు పేరు చెక్కించలేదు. తన తప్పు వల్ల తాను పోయినవాడి పేరు ఎక్కించకూడదని రూలట. ఓదెలు తల్లి లచ్చవ్వ ఆ పలక దగ్గరికి రెండుసార్లు వెళ్లి, దారినపోయే వాళ్లచేత చదివించుకుని వచ్చింది. ఆ తర్వాత ఆమె కాలనీలో నల్లా దగ్గరికి వెళ్లడం మానేసింది. అక్కడ బిందెలు నింపుకునే ఆడవాళ్లు ఏమీ అనకపోయినా, తను వచ్చేసరికి మాట ఆపేస్తున్నారని చెప్పింది.

దినాలు కాగానే స్వరూప డ్యూటీకి వెళ్లింది. ఇంకా నెలన్నా కాలేదు, గుండె రాయి చేసుకుంది అని కొందరు జాలిపడ్డారు. రాయి కాదు, నిప్పు. ఓదెలు వాల్వు చెడ్డదని, దాన్ని ఎవరూ పరీక్షించలేదని ఆమె ఒంట్లో ప్రతి ఎముకకూ తెలుసు. దాన్ని నలుగురిలో రుజువు చేయాలి, విఠల్‌రావు తల దించుకోవాలి, ఓదెలు పేరు రాతిమీద ఎక్కాలి. తిన్నా పడుకున్నా ఆమెకు ఇంకో ఆలోచన లేదు.

*

ఆ ఫ్యాక్టరీ ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పాపం తగులుతుంది. మొదటి మేనేజరు దామోదరం అనే ఆయన. ప్రతి వాల్వునూ మూడుసార్లు గట్టి ఒత్తిడి పెట్టి పరీక్షించాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఒక్కో పరీక్ష నెగ్గితే ఒక్కో చుక్క ముద్ర. మూడు చుక్కలు పడనిదే ముక్క గేటు దాటకూడదు. అంతటితో ఆగాడా? పదింటికొకటి తనే మొహానికి తగిలించుకుని, పెరట్లో కట్టించిన పొగ గదిలో పావుగంట కూర్చునేవాడు. ఏ వాల్వయినా తేడా చేస్తే దగ్గుతూ బయటికొచ్చి, ఆ తప్పు పట్టినవాడికి అందరి ముందూ దండ వేయించేవాడు. తప్పు దొరికితే పండగ చేసుకునే చోటు అది.

తర్వాత ఢిల్లీ నుంచి వెండి షీల్డు వచ్చింది, దేశంలోకెల్లా నాణ్యమైన ఫ్యాక్టరీ అని. చూశారూ, అసలు చేటంతా అక్కడే మొదలైంది. షీల్డు వచ్చేదాకా తప్పులు వెతికారు, వచ్చాక దాచడం నేర్చుకున్నారు. నూటికి రెండు ముక్కలు పనికిరావని రాస్తే షీల్డు పరువు పోతుందని ఒకటిగా రాశారు. తర్వాత సున్నా రాశారు. సున్నా రాశాక ఇక పరీక్షించడం దేనికి? ఈలోగా వర్కుషాపులో ఒకాయన మూడు చుక్కలూ ఒక్క దెబ్బకు పడే ముద్ర తయారుచేశాడు. సమయం కలిసొస్తుందని యాజమాన్యం ఆయనకు సన్మానం చేసి స్టీలు టిఫిను డబ్బా ఇచ్చింది. ఈ ఫ్యాక్టరీకి మార్పంటే గిట్టదని ఎవరంటారండీ? ఆ ఒక్క మార్పును ఒక్క పూటలో ఒప్పుకున్నారు.

మరి తనిఖీలు లేవా? భద్రతా మండలి ఇన్‌స్పెక్టరు ప్రతి గురువారం వస్తాడు. ఆయన కోసం ఇరవై నాలుగు వాల్వులను దామోదరం కాలం నాటి శ్రద్ధతో చేసి, మెరుగుపెట్టి, ఒక ఇనుప అల్మారాలో వేరేగా దాచేవాళ్లు. వాటికి పేరే గురువారం ముక్కలు. ఆయన వచ్చి మూడు పరీక్షలూ చేయిస్తాడు, ముక్కలు నెగ్గుతాయి, ఆయన టీ తాగి వెళతాడు. వచ్చే గురువారం మళ్లీ అవే ముక్కలు, అవే పరీక్షలు, అదే టీ. రెండేళ్లకోసారి కొత్తవి చేసి పాతవి అల్మారాలో కింది అరకు దించేవాళ్లు. ఇన్‌స్పెక్టరుకు తెలియదా అంటే, ఒక ముక్క అంచున ఉన్న గీటును చూసి "ఇది మనదే" అని ఒకసారి నవ్వాడట. పైన పటారం, లోన లొటారం.

స్వరూపకు ఇదంతా ముందే తెలుసు. తెలిసే నాలుగేళ్ల కిందట ఒక ఫైలు పెట్టింది. లోహం మరిచిపోదు అన్నది ఆమె కనిపెట్టిన సంగతి. గట్టి ఒత్తిడి పడ్డ ప్రతిసారీ ఇత్తడి లోపల, కంటికి కనపడనంత సన్నగా ఒక గీత పడుతుంది. మళ్లీ ఒత్తిడి పడితే ఇంకో గీత. చెట్టు మొద్దు కోస్తే ఏళ్లు తెలిసినట్టు, ఆ గీతలను చదవగలిగితే ఈ ముక్కను ఎన్నిసార్లు పరీక్షించారో ముక్కే చెబుతుంది. మనిషి రాసిన రిజిస్టరుతో పనిలేదు. చదివే యంత్రానికి ఆమె 'ఎరుక' అని పేరు పెట్టుకుంది.

ఫైలు విఠల్‌రావు బల్ల మీదికి వెళ్లి, "ఇటువంటిది గతమున చేసినట్లు దాఖలా లేదు" అని వెనక్కి వచ్చింది. మళ్లీ పెడితే, "పరిశీలించవలెను" అని వచ్చింది. మూడోసారి ఒక కమిటీ వేశారు. ఆ ఫ్యాక్టరీలో కాదనేవాడు ఒక్కడూ లేడు, కానిచ్చేవాడూ లేడు. విసిగిపోయి ఆమె ఊరుకుంది. ఊరుకున్నందుకు తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

*

ఓదెలు పోయాక ఆమె అనుమతులు అడగడం మానేసింది. పక్కన పడేసిన పాత ఎక్స్‌రే యంత్రాన్ని ల్యాబు వెనక గదిలోకి లాగించి, ఆర్నెల్లు భోజనం గంటలోనూ ఆదివారాలూ దానితోనే గడిపింది. యంత్రం కిరణాన్ని ఇత్తడిలోకి పంపి, లోపలి గీతలను కాగితం చుట్ట మీద గీసి చూపించాలి. ఎన్నోసార్లు కాగితం మీద పిచ్చిగీతలు వచ్చాయి. చివరికి ఒక ఆదివారం పొద్దున లచ్చవ్వను, ఆమె పెళ్లినాటి ఇత్తడి చెంబును వెంటబెట్టుకుని వచ్చింది.

చెంబు కిందపడిన ప్రతిసారీ దెబ్బ లోపల నిలిచి ఉంటుందని, అవి ఎన్నో యంత్రం చెబుతుందని కోడలు అంటే లచ్చవ్వ నమ్మలేదు. కాగితం బయటికొచ్చింది. పన్నెండు గీతలు. లచ్చవ్వ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. బావి గట్టున ఒకటి, పురుటినాడు ఒకటి, ఇల్లు మారినప్పుడు రెండు, అట్లా పదకొండు తేలాయి. నీ మిషను తప్పు చెబుతోందంది. అంతలోనే ఏదో తట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పన్నెండోసారి తాగొచ్చిన మొగుడి మీదికి విసిరిందట, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదట. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇనుము ఇత్తడి అబద్ధం ఆడయన్నట్టు," అంది. "అయితే నా కొడుకు మీద వడ్డ నింద గూడ ఇదే కడుగుతది."

ఆ మర్నాటి నుంచి స్వరూప గోదాములోని వాల్వులను ఒక్కొక్కటే తెచ్చి చదివింది. మూడు చుక్కల ముద్ర ఉన్న ముక్క. కాగితం తెల్లగా వచ్చింది. ఇంకోటి. తెల్లగానే వచ్చింది. నాలుగు వందల ముక్కలు చదివితే నాలుగు వందల తెల్ల కాగితాలు. వాటిని చూస్తుంటే ఆమెకు ఆకలి తెలియలేదు. ఒక్కో కాగితం విఠల్‌రావు చెంప మీద ఒక్కో దెబ్బ అనుకుంటూ మడిచి సంచీలో పెట్టుకుంది.

ఓదెలు వాల్వును మాత్రం ఆఖరికి ఉంచుకుంది. విచారణ ముగిశాక అతని ఊపిరి పెట్టెను బట్టలతోపాటు ఇంటికి పంపేశారు. ఇష్టమైన ముద్దను చివరికి ఉంచుకున్నట్టు, ఆ తెల్లకాగితాన్ని తను చివర చూడాలనుకుంది. మిగతావన్నీ అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని విప్పి యంత్రం కింద పెట్టింది.

కాగితం నల్లగా వచ్చింది. గీత పక్కన గీత, సందు లేకుండా. లెక్కపెడితే మూడు వందల తొమ్మిది.

యంత్రం చెడిందనుకుని రెండోసారి పెట్టింది. మూడు వందల తొమ్మిదే. ఊపిరి తీసే బరువుకు గీతలు పడవు, పరీక్ష పెట్టే గట్టి ఒత్తిడికే పడతాయి. అంటే ఆ ముక్కను మూడు వందల తొమ్మిదిసార్లు పరీక్షించారు. తయారైనప్పుడు మూడు. మిగిలిన మూడు వందల ఆరు ఎక్కడివి? వారానికి మూడు చొప్పున, నూట రెండు వారాలు. పండగ సెలవులు పోను రెండేళ్ల గురువారాలు.

వాల్వు లోపల ఊపిరితోపాటు కదిలే పలచని రేకును భూతద్దంలో చూసింది. అలసి అలసి మధ్యలో చీలిపోయింది. రేకు చీలితే గాలి రాదు. గాలి రాని మాస్కును ఎవడైనా ఏం చేస్తాడు? చావు ముంచుకొస్తుంటే లాగి పారేస్తాడు. ఓదెలు భయపడలేదు, ఊపిరాడలేదు. పరీక్ష ఎక్కువైనా ముక్క చెడిపోతుందన్న సంగతి ఆ ఫ్యాక్టరీలో ఒక్కరికీ తట్టలేదు. పరీక్షించే అలవాటు ఉంటే కదా తట్టడానికి.

*

అల్మారా తాళం ఫోర్‌మన్ రాజలింగం దగ్గర ఉంటుంది. దామోదరం చేతికింద పని నేర్చుకున్నవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. స్వరూప ఆయన్ను కాకా అంటుంది, ఆయన బిడ్డా అంటాడు. అప్పటికప్పుడు ఆయన క్వార్టరుకు వెళ్లి, గురువారం ముక్క తన భర్త వీపు మీదికి ఎలా వచ్చిందని నిలదీసింది. ఎవడు ఆ పని చేశాడో చెప్పు, వాడి పేరు మొదట రాయిస్తానంది.

రాజలింగం ఆమెను వింతగా చూశాడు.

"నువ్వే అడిగితివి గద బిడ్డా," అన్నాడు. "ఓదెలు దళంల చేరిననాడు ఉరికొచ్చి, 'కాకా, బయటికి వొయ్యేటియి ఎట్లుంటయో మనకెర్కనే, ఆయనకు మంచిది జూసి ఇయ్యి' అంటివి. కింది అరల కెల్లి ఏరి ఇచ్చిన. నువ్వొక్కదానివే అడిగినవా? అందరు అడుగుతరు. మనోళ్లకు మంచియి పోవాలె గద."

ఇన్నాళ్లూ కోపం అడుగున పడి ఉన్న ఆ మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఎంత తేలిగ్గా అడిగిందో కూడా గుర్తొచ్చింది. ఉల్లిగడ్డలు కొనేటప్పుడు మంచివి ఏరి వేయమన్నట్టు అడిగింది. అడిగి ఇంటికొచ్చి, ఓదెలుకు చెప్పి మురిసింది కూడా.

అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అని సామెత. ఇక్కడ అది తలకిందులైంది. లోపల పనిచేసే ప్రతివాడికీ బయటికి పోయే సరుకు సంగతి తెలుసు. తెలిసినవాడు తిరగబడాలి. తిరగబడకుండా తన ఇంటివాడికి ఒక మంచి ముక్క ఏరి తీసుకుంటే, ఇక వాడికి తిరగబడే అవసరం ఏముంది? ఫైలు వెనక్కొచ్చినప్పుడు తను ఎందుకు ఊరుకుందో స్వరూపకు ఆ గుమ్మంలో నిలబడి అర్థమైంది. తన మొగుడి వీపు మీద మంచి ముక్క ఉందన్న ధీమాతో ఊరుకుంది. ఆ ధీమాయే అతన్ని చంపింది.

అలాంటివి ఇంకెన్ని బయట ఉన్నాయని అడిగితే, రాజలింగం ఒక్కో పేరూ చెబుతూ వేళ్లు మడిచి పద్దెనిమిది అన్నాడు. రేకు చీలిన సంగతి ఆమె అప్పుడు చెప్పింది.  ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా సైకిలు తీశాడు. దళంలో ఉన్న తన అల్లుడి ఇంటికి తొక్కాడు. ఆ ముక్కను విప్పి, జేబులో వేసుకుని, తిరిగొచ్చి తలుపు వేసుకున్నాడు. మిగతా పదిహేడు ఇళ్ల దారి పట్టలేదు.

*

సోమవారం పొద్దున స్వరూప విఠల్‌రావు గదిలోకి చీటీ పంపకుండానే వెళ్లింది. కాగితాలన్నీ బల్లమీద పోసింది. పదిహేడు ముక్కలను ఈ పూటే వెనక్కి తెప్పించమంది.

ఆయన అరవలేదు, బెదిరించలేదు. కోపమొచ్చి అరిస్తే ఆమెకు కాస్త బాగుండేది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కాగితాలన్నీ చూశాడు. వెనక్కి తెప్పించాలంటే కారణం రాయాలని, కారణం రాస్తే షీల్డు మాట అటుంచి ఫ్యాక్టరీయే ఉండదని, తొమ్మిది వందల కుటుంబాలు రోడ్డున పడతాయని చెప్పాడు. ముక్కలను చప్పుడు కాకుండా ఒక్కొక్కటే మార్పిద్దాం, ఈ గురువారం గడవనీ అన్నాడు. యంత్రం మాత్రం చాలా బాగుందని మెచ్చుకున్నాడు. దానికి మంచి రంగు వేయించి హాల్లో పెడదామన్నాడు, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు గురువారం ముక్కను దానికింద పెట్టి గీతలు చూపిస్తే ముచ్చటపడతాడట. నాలుగేళ్లు కుదరదన్న యంత్రాన్ని నాలుగు నిమిషాల్లో గురువారం ముక్క చేసేశాడు.

"ఓదెలు పేరు పలక మీద రాయిస్తానమ్మా, నాది పూచీ," అన్నాడు చివరికి. "ఇవి బయటపెడితే ఆ ముక్క అడిగి ఇప్పించుకుంది ఎవరన్నది కూడా బయటికొస్తుంది. ఆలోచించుకో. ఈ గురువారాలు నేను పెట్టినవి కావు. నేను కుర్చీలో కూర్చునేనాటికే ఉన్నాయి. నేను తీసెయ్యలేదు, అంతే."

రాజలింగం పొద్దున్నే వచ్చి చెప్పిపోయాడన్నమాట. స్వరూప కాగితాలు ఏరుకుని, తిన్నగా రక్షణ కేంద్రానికి నడిచింది. దళం నాయకుడు సమ్మయ్య, ఓదెలుతో పదేళ్లు గనిలోకి దిగినవాడు. అతనికి మొత్తం చెప్పింది, తను అడిగిన సంగతితో సహా.  సమ్మయ్య లేచి, తన దళం మొత్తాన్నీ పిలిచి, అన్ని ఊపిరి పెట్టెలనూ కిందపెట్టించి, ఆ పదిహేడు ముక్కలనూ విప్పించి వేరుగా దాచాడు. గనిలో పని ఆపించాడు. వేరేచోట చేసిన పెట్టెలు వాడే దళాన్ని పక్క గని నుంచి రప్పించే ఏర్పాటు కూడా అతనే చేశాడు.

ఇంటికొచ్చాక లచ్చవ్వకు చెప్పాల్సి వచ్చింది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. స్వరూప గుమ్మం దగ్గరే కూర్చుని, అడిగింది నేనేనని, ఆ ముక్క వల్లే పోయాడని ఉన్నదున్నట్టు చెప్పింది. లచ్చవ్వ చేట పక్కకు జరిపింది.

"ఆర్నెల్ల కెల్లి పగ పగ అని తిరిగినవు," అంది లచ్చవ్వ. గొంతు పెంచలేదు. "దొరికినోణ్ణి ఇడువనంటివి. మరి నిన్ను ఇడిసిపెడ్తవా?"

విడిచిపెట్టను అత్తమ్మా అంది స్వరూప.

*

గురువారం హాల్లో ఎర్ర మఖ్మల్ గుడ్డమీద ఇరవై నాలుగు ముక్కలు తళతళలాడుతున్నాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు, టీ వచ్చింది. అప్పుడే సమ్మయ్య ముప్పైమంది దళంతో గేటు దాటి లోపలికొచ్చాడు. అందరి వీపుల మీదా ఊపిరి పెట్టెలు. గేటు దగ్గర కాపలావాడు ఆపలేదు, వాడి బావమరిది కూడా ఆ ముప్పైలో ఉన్నాడు. వెనకాల స్వరూప ఎరుకను చక్రాల బల్ల మీద తోసుకొచ్చింది.

విఠల్‌రావు లేచి ఏదో అనబోయాడు. స్వరూప వినలేదు. గుడ్డమీద నుంచి ఒక ముక్క తీసి యంత్రం కింద పెట్టింది. ఎనభై ఏడు గీతలు. ఇన్‌స్పెక్టరు కప్పు కిందపెట్టాడు. తర్వాత సమ్మయ్య తన పెట్టెలో వాల్వు విప్పి ఇచ్చాడు. తెల్లకాగితం. ఇంకొకడిది, తెల్లకాగితం. పదిమందివీ తెల్లగానే వచ్చాయి. ప్రతివాడూ తన కాగితం తను పట్టుకుని, దానికేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ తెల్లకాగితాన్ని మొహాన కట్టుకుని ఎన్నిసార్లు పొగలోకి పోయాడో ఒక్కొక్కడూ లెక్కేసుకుంటున్నాడు.

యంత్రం తప్పు చెబుతుండవచ్చని, నిపుణులచేత పరిశీలింపజేయాలని విఠల్‌రావు అన్నాడు. వాల్వులన్నిటికీ ముద్రలు ఉన్నాయి కదా అన్నాడు.

సమ్మయ్య తన వాల్వును మళ్లీ బిగించి, పెట్టెను ఆయన ముందు బల్లమీద పెట్టాడు. "ముద్రలున్నయి సారూ. మంచిగనే ఉన్నయి," అన్నాడు. "పెరట్ల పొగ గది ఉన్నది. ఇది పెట్టుకోని పావుగంట కూసోండ్రి. మేం బయట నిలవడ్తం. మీరు మంచిగ బయటికొస్తే మిషనుది తప్పని మేమే సంతకం వెడ్తం."

ఆ గదిలో ఇప్పుడు పాత ఫైళ్లు పెడుతున్నారని ఎవరో అన్నారు. ఫైళ్లు తీయడానికి ఎంతసేపు, నలుగురం తీస్తామని దళంలో ఇంకొకడు అన్నాడు. విఠల్‌రావు మాస్కును చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని మొహం దాకా ఎత్తాడు. చేతులు వణికాయి. మళ్లీ బల్లమీద పెట్టేశాడు.

"నాకు బీపీ ఉంది," అన్నాడు.

స్వరూపకు కడుపు చల్లబడింది. ఆర్నెల్ల నుంచి ఆమె కోరుకున్నది ఈ ఒక్క క్షణం. పొగ లేని హాల్లో, ఫ్యాను కింద, మాస్కు చూసి వణుకుతున్న ఈ మనిషి తన మొగుణ్ణి పిరికివాడని రాశాడు. ఆ వణుకును ఆమె తృప్తిగా, నిదానంగా, ఎవరేమనుకుంటారో అన్న బెరుకు లేకుండా చూసింది. జాలి అన్నది దరిదాపుల్లో లేదు.

తర్వాత చీరకొంగున కట్టుకున్న ఓదెలు వాల్వును విప్పి యంత్రం కింద పెట్టింది. నల్లటి కాగితాన్ని ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి, చీలిన రేకును చూపించింది. ఇంతమంది ముందు ఇక దాచేదేముంది, ఆయన కలం తీశాడు. ఈ ముక్క అల్మారా నుంచి బయటికి ఎలా వెళ్లింది, బాధ్యులెవరు, పేర్లు చెప్పమన్నాడు. గోడవారగా నిలబడ్డ రాజలింగం కళ్లు మూసుకున్నాడు.

"మొదలు నాది రాయండి," అంది స్వరూప. "అడిగింది నేను. ఇచ్చింది రాజలింగం కాకా. ఆయన అల్మారా ఎవరెవరికి తెరిచాడో ఆ పేర్లు కూడా నా దగ్గర ఉన్నాయి. అన్నీ రాయండి, ఒక్కటి కూడా వదలొద్దు."

బిడ్డా అని రాజలింగం ఒక్కసారి పిలిచాడు. ఆమె అటు తిరగలేదు. పదిహేడు పేర్లూ చదివింది. చెబుతున్నకొద్దీ హాల్లో ఒక్కో మూల నుంచి ఒక్కొక్కరు తలదించుకున్నారు. తనతో పదకొండేళ్లు టిఫిను డబ్బా పంచుకున్నవాళ్లు ఐదుగురు ఆ పదిహేడులో ఉన్నారు.

*

ఫ్యాక్టరీకి తాళం పడింది. విఠల్‌రావును సస్పెండు చేశారు. రాజలింగం పింఛను ఆగింది. స్వరూపకు ఉద్యోగం పోయింది, కేసులో మొదటి పేరు ఆమెదే. కాలనీలో ఆడవాళ్లు ఇప్పుడు ఆమెను చూసి మాట ఆపడం లేదు, వినబడేట్టే తిడుతున్నారు. మొగుణ్ణి చంపుకున్నది చాలక తొమ్మిది వందల కొంపలు ఆర్పిందంటున్నారు. ఆమె తల దించలేదు. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ ఇదే చేస్తానని సమ్మయ్యతో అంది. అది నిజం.

పాత నివేదికను కొట్టేసి కొత్తది రాశారు. ఓదెలు పేరు పలక మీద చెక్కించిన రోజు దళమంతా వచ్చి సెల్యూటు చేసింది. లచ్చవ్వ ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. సమ్మయ్య చెయ్యి పట్టుకుని, నా కొడుకు పిరికోడు కాడని పెద్దగా చెప్పింది. వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినబడింది. స్వరూప అంతదూరాన కంచె దగ్గర నిలబడింది.

మర్నాడు పొద్దున లచ్చవ్వ బట్టలు మూట కట్టుకుంది. మంచిర్యాలలో కూతురు దగ్గరికి పోతున్నానంది. ఎన్నాళ్లకు వస్తావని స్వరూప అడగలేదు. కనీసం రెండు ముద్దలు తిని వెళ్లమని, కంచంలో అన్నం పెట్టి ముందుకు జరిపింది. లచ్చవ్వ కంచం ముందు కూర్చుంది. అన్నం కలిపింది. ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"నీ మీద నాకు పగ లేదు బిడ్డా," అంది. "నువ్వు చేసేది నువ్వు చేసినవు, నా కొడుకు పేరు నిలవెట్టినవు. గాని నీ చేతి బువ్వ నాకు దిగుతలేదు. గంతే."

చెయ్యి కడుక్కుని మూట తీసుకుంది. స్వరూప బస్టాండు దాకా వెంట వెళ్లింది.  బస్సు వచ్చింది, లచ్చవ్వ ఎక్కి అవతలి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగిందాకా స్వరూప అక్కడే నిలబడింది. ఎనిమిదింటి సైరను మోగకపోయినా అలవాటుగా ఫ్యాక్టరీ దారిలో నాలుగడుగులు వేసింది. డ్యూటీ లేదన్న సంగతి గుర్తొచ్చి, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. కంచంలో కలిపిన అన్నం అలాగే ఉంది. కూర్చుని, అది తనే తినేసింది.